చెరువు గట్టు మీది బండికి మంచు టైర్లు: ప్రాజెక్టు డైరీ

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద తిరిగే పాత తరం ఫార్చూనర్ ఫోర్‌బైఫోర్ ఇది. సంక్రాంతి దాటాక హిమాచల్ వెళ్ళి, మనాలి నుంచి అటల్ టన్నెల్ మీదుగా సిస్సు వైపు మంచు రోడ్డు మీద నడవాలి. పోనూ రానూ దారంతా రోడ్డే. తిరిగొచ్చాక మళ్ళీ గట్లూ, మేత బస్తాలూ, వేసవిలో 40 డిగ్రీల ఎండా. ఈ రెండు బతుకులకూ సరిపోయే టైరు ఏది, అది ఎక్కడ సరిపోదు అన్నదే ఈ డైరీ. ఇంజను, లైట్లు, ర్యాకుల జోలికి పెద్దగా పోలేదు. బండి లాగినా, తిరిగినా, ఆగినా రోడ్డును పట్టుకునేది నాలుగు అరచేతులంత రబ్బరు. డబ్బూ సమయమూ ముందు అక్కడే పెట్టాలి.

అక్టోబరు, దసరా వెళ్ళాక: ఉన్న టైర్ల లెక్క

ఉన్నవి హెచ్‌టీ టైర్లు, అంటే హైవే రకం. సైజు 265/65 ఆర్17. కొత్తవి కొనే ముందు వీటిని కొలవాలి. బండి ఎలా అరగదీస్తుందో ఆ కొలతలే చెబుతాయి. గాడి లోతు కొలిచే డెప్త్ గేజి తీసుకుని ఒక్కో టైరుకి లోపలి అంచు, నడుమ, బయటి అంచు మూడు చోట్లా కొలిచి, చాక్‌పీసుతో టైరు మీదే రాసుకోవాలి. స్టెప్నీని వదలొద్దు. నడుమ ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ పెడుతున్నారన్నమాట. రెండు అంచులూ అరిగితే తక్కువ పెడుతున్నారు. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ పోయింది. ఈ బండికి ముందు టైర్లు రెండూ బయటి అంచున అరిగి ఉన్నాయి. గట్టు చివర ఇరుకులో స్టీరింగ్ పూర్తిగా కోసి తిప్పే బండ్లకు ఇది మామూలే అయినా, కొత్త టైర్లు ఎక్కే రోజున అలైన్‌మెంట్ తప్పనిసరి అని అర్థం.

నడుమ గాడి లోతు 4 మి.మీ. కన్నా కాస్త తక్కువ వచ్చింది. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరుకి 1.6 మి.మీ. ఉంటే చాలు. గాడి అడుగున ఉండే అరుగుదల గుర్తు ఎత్తు కూడా అంతే. తడి రోడ్డు లెక్కకు పుట్టిన అంకె అది, మంచుకు పనికిరాదు. ఆస్ట్రియాలో రేడియల్ టైరు గాడి 4 మి.మీ. కన్నా తగ్గితే అక్కడి చట్టం దాన్ని చలికాలపు టైరుగా లెక్కే వేయదు. మేమూ అదే గీతగా పెట్టుకున్నాం.

తర్వాత వయసు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద డీఓటీ అని మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 3119 అని ఉంటే 2019లో 31వ వారం తయారైందని. ఈ అంకె టైరుకి ఒక పక్కనే ఉంటుంది కాబట్టి కనబడకపోతే బండి కిందకు దూరి లోపలి వైపు చూడాలి. మన వైపు ఎండలో నిలబెట్టే బండ్ల టైర్లు గాడి ఉండగానే బిరుసెక్కుతాయి. గుండీల (రోడ్డును తాకే రబ్బరు దిమ్మల) మధ్య, సైడ్‌వాల్ మీద వెంట్రుకంత పగుళ్ళు కనబడితే ఆ రబ్బరు పని అయిపోయినట్టే. గాడి ఎంత ఉన్నా మంచుకు తీసుకెళ్ళొద్దు.

ఐదూ పక్కకు. స్టెప్నీతో కలిపి ఐదు కొత్తవి కావాలి.

అదే వారం: డీప్ ఫ్రీజరులో రబ్బరు

ఇది ఎవరైనా ఇంట్లో చేసి చూడగల పని. పంచరు షాపులో పారేసిన హెచ్‌టీ టైరు గుండీ ఒకటి, పాత ఏటీ (ఆల్ టెర్రెయిన్, అంటే రోడ్డుకూ మట్టికీ నడిచే రకం) టైరు గుండీ ఒకటి బ్లేడుతో కోయించి, రెండింటినీ కవర్లో చుట్టి రాత్రంతా డీప్ ఫ్రీజరులో పెట్టాలి. ఇంటి ఫ్రీజరు కూడా మైనస్ 18 దాకా వెళ్తుంది. జనవరిలో సిస్సు ఉన్న లాహౌల్ లోయ రాత్రులు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. పొద్దున తీసీ తీయగానే బొటనవేలి గోరు గుచ్చి చూడాలి. పాత హెచ్‌టీ ముక్కలో గోరు దిగదు, గచ్చు మీద వేస్తే రబ్బరు చప్పుడు రాదు, ప్లాస్టిక్ మూత పడ్డట్టు టక్‌మంటుంది. ఏటీ ముక్క కూడా బిగుసుకుంటుంది గానీ అంచు పట్టి వంచితే ఇంకా వంగుతుంది. అరచేతిలో పట్టుకుంటే అయిదారు నిమిషాల్లో రెండూ మామూలుకు వస్తాయి. కాబట్టి చూడాల్సింది తీసిన మొదటి నిమిషంలోనే.

రోడ్డు మీద జరిగేదీ ఇదే. రబ్బరు పట్టు ఇవ్వాలంటే రోడ్డు గరుకులోకి ఒదగాలి. వేడి దేశపు టైరు మిశ్రమాన్ని 40, 50 డిగ్రీల తారు మీద కరగకుండా, త్వరగా అరగకుండా ఉండేలా కలుపుతారు. అదే మిశ్రమం సుమారు 7 డిగ్రీలకు దిగువన బిరుసెక్కడం మొదలెడుతుంది. చలికాలపు టైర్లలో సిలికా పాలు పెంచి, చలిలోనూ మెత్తగా ఉండే రకం రబ్బర్లు వాడతారు. ఆ మెత్తదనం ఇక్కడ ఏప్రిల్‌లో శాపం. గుండీలు అటూ ఇటూ ఊగిపోతాయి, బ్రేకు దూరం పెరుగుతుంది, టైరు చూస్తుండగానే అరిగిపోతుంది. అందుకే అసలు సిసలు చలికాలపు టైర్లను భీమవరంలో ఏడాదంతా నడిపే ఆలోచన మొదటే వదిలేశాం. మంచుకు అవే అన్నిటికన్నా మెరుగు, అందులో సందేహం లేదు. ఫిన్లండ్‌లో నోకియన్ కంపెనీ 1930లలోనే మంచు కోసం వేరే టైరు తయారుచేసింది. హక్కపెలిట్ట అనే పేరు 1936 నుంచి వాడుకలో ఉంది. అక్కడ ఇళ్ళలో రెండు సెట్లు పెట్టుకుని కాలాన్ని బట్టి మారుస్తారు. ఏడాదికొకసారి కొండెక్కే డెల్టా బండికి అంత ఖర్చు గిట్టదు.

నవంబరు మొదట్లో: ఎంటీ ఎందుకు వద్దన్నాం

ఈ ప్రాజెక్టులో అందరూ మొదట ఇచ్చే సలహా ఒకటే, ‘మడ్ టైర్లు వేసెయ్యండి’. ఎంటీ అంటే అవే, బురద రకం. గట్ల మీద బురదలో లాగే టైరు మంచులోనూ లాగుతుందని నమ్మకం. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. గాడి చేసే పని బురదలో ఒకటి, మంచులో దానికి పూర్తిగా వేరే.

మన రేగడి తడిస్తే జిగురు. గాడిలోకి దూరి అంటుకుపోతుంది. హెచ్‌టీ టైరు సన్న గాళ్ళు నాలుగు చుట్లలో నిండిపోయి టైరు మొత్తం నున్నటి బురద ముద్దయిపోతుంది. ఎంటీ టైరుకి పెద్ద పెద్ద గుండీలు, మధ్య వెడల్పాటి ఖాళీలు ఉంటాయి. చక్రం వేగంగా తిరిగితే ఆ ఖాళీల్లోంచి బురద విసురుగా బయటికి పోతుంది, గుండీ అంచు మళ్ళీ కొత్తగా నేలలోకి దిగుతుంది. బురదలో గాడి ఖాళీ అవుతూ ఉండాలి.

మంచులో గాడి నిండాలి. మంచుకి మంచే బాగా అంటుకుంటుంది. గాళ్ళలో ఇరుక్కుని గట్టిపడ్డ మంచు, కింద రోడ్డు మీది మంచును పట్టుకుని, తెగేదాకా వదలదు. ఆ తెగే బలమే మనకు పట్టు. దానికి తోడు గుండీల మీద బ్లేడుతో గీసినట్టుండే సన్న కోతలు కావాలి. వాటిని సైపులంటారు. గుండీ నొక్కుకున్నప్పుడు ఒక్కో కోత తెరుచుకుని ఒక్కో అంచుగా పనిచేస్తుంది. నొక్కుడు మంచు మీదా ఐసు మీదా ఎన్ని అంచులుంటే అంత పట్టు. ఎంటీ గుండీకి ఈ కోతలు ఒకటో రెండో, కొన్నింటికి అసలుండవు. పైగా రాళ్ళకు చిరగకూడదని రబ్బరు గట్టిగా కలుపుతారు. మోకాలి లోతు కొత్త మంచులో ఎంటీ దున్నుకుంటూ పోతుంది, నిజమే. మనాలి రోడ్డు మీద మనకు ఎదురయ్యేది అది కాదు. వందల బండ్లు తొక్కి అద్దంలా చేసిన నొక్కుడు మంచు, దాని కింద ఐసు. అక్కడ ఎంటీ వేసిన ఫోర్‌బైఫోర్ కన్నా మంచి చలికాలపు టైర్లు వేసిన మామూలు కారు ముందే ఆగుతుంది.

వెడల్పు పెంచే సరదా కూడా ఇక్కడ మానుకోవాలి. వెడల్పు టైరు లోతు మంచు మీద తేలుతూ ముందు మంచును తోసుకుంటూ పోతుంది. కాస్త సన్నటిది కోసుకుని కిందికి దిగుతుంది. కంపెనీ ఇచ్చిన 265/65 ఆర్17 దాటలేదు. దీని మొత్తం వ్యాసం 776 మి.మీ. అంతకు మించితే చైను వేసే జాగా పోతుంది, స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది.

నవంబరు రెండో వారం: సైడ్‌వాల్ చదవడం, కొనడం

ఏటీ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. రెండు గుర్తులు చూడాలి. మొదటిది ‘ఎం ప్లస్ ఎస్’, బురద, మంచు అని. ఇది గాళ్ళ ఆకారాన్ని బట్టి కంపెనీ తనంతట తాను వేసుకునే మాట, దీని వెనక మంచు పరీక్ష లేదు. రెండోది మూడు కొమ్ముల కొండ, దాని మధ్యలో ఆరు రేకుల మంచుపువ్వు ఉన్న బొమ్మ. ఇది 1999 నుంచి ఉంది. నొక్కుడు మంచు మీద పరీక్షించి, ప్రామాణికంగా పెట్టుకున్న టైరు కన్నా నిర్ణీత స్థాయిలో ఎక్కువ పట్టు చూపించిన టైరుకే ఈ బొమ్మ. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి ఉత్త ఎం ప్లస్ ఎస్ ఉన్నవాటిని చలికాలపు టైర్లుగా ఒప్పుకోవడం లేదు, కొండ బొమ్మ ఉండాల్సిందే. మన దగ్గర అలాంటి నియమం లేదు గనక కొనేవాళ్ళే చూసుకోవాలి.

ఈ బొమ్మకూ ఒక హద్దుంది. ఆ పరీక్ష చూసేది ముఖ్యంగా నొక్కుడు మంచు మీద లాగుడు. ఐసు మీద మలుపు, ఐసు మీద బ్రేకు అందులో లేవు. కాబట్టి బొమ్మ ఉందని ధీమా పడకూడదు.

బీఎఫ్ గుడ్రిచ్ కేఓ2 లాంటి కొన్ని ఏటీలకు కొండ బొమ్మ ఉంటుంది. ఒకే పేరుతో వచ్చే టైరుకి కూడా ఒక సైజులో బొమ్మ ఉండి ఇంకో సైజులో లేకపోవచ్చు. కేటలాగు నమ్మకుండా షాపులో టైరు దింపించి, చేతితో తడిమి చూసి తీసుకోవాలి. అమ్మే కుర్రాళ్ళకు చాలాసార్లు ఈ బొమ్మ సంగతి తెలియదు, ఇక్కడ అడిగేవాళ్ళు లేరు మరి. ఫోన్లో బొమ్మ చూపించి, తణుకు, రాజమండ్రి, విజయవాడ షాపుల్లో స్టాకు ఫొటో అడగడమే తేలిక దారి.

సైజు ముందు ఎల్‌టీ అని ఉంటే ఇంకో లెక్క. అవి లైట్ ట్రక్కు కట్టుబడి, లోపల పొరలు ఎక్కువ, బరువెక్కువ. అదే బరువు మోయడానికి వాటికి గాలి ఎక్కువ కావాలి, తలుపు దగ్గరి స్టిక్కరు మీది అంకె సరిపోదు. టైరు కంపెనీ లోడు పట్టిక చూసి పెట్టాలి. ఎల్‌టీ వేసి పాత అంకెకే గాలి పెడితే రెండు అంచులూ అరిగి, హైవే మీద వేడెక్కుతాయి. ఈ బండి రాళ్ళ దారిలో పనిచేసేది కాదు. అందుకని ఎల్‌టీ కాని 112 లోడు రకమే ఎంచుకున్నాం, అంటే టైరుకి 1,120 కిలోలు.

కొనేటప్పుడు ఇంకొకటి చూశాం. షాపు వెలుతురు చాలకపోతే ఫోను లైటు వేసి సైపు లోపలికి చూడాలి. చాలా ఏటీ టైర్లలో సన్న కోతలు గాడి అడుగుదాకా ఉండవు, సగంలో ఆగిపోతాయి. టైరు సగం అరిగేసరికి పైన గుండీలు బాగానే కనిపిస్తాయి, కోతలు మాత్రం మాయమవుతాయి. గట్ల మీద అది ఇంకో రెండేళ్ళు నడుస్తుంది. మంచు టైరుగా దాని పని అక్కడితో అయిపోయింది. గాడి అడుగుదాకా కోత దిగిన టైరుకి వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

నవంబరు మూడో వారం: ఎక్కించడం

ఐదూ ఒకే కంపెనీ, ఒకే రకం. తయారీ వారాలు దగ్గర దగ్గరగా ఉండాలి. ముందు రెండే కొత్తవి వేసి వెనక పాతవి ఉంచడం మంచు దారిలో ప్రమాదం. ముందు పట్టుకుని వెనక జారితే కొండ మలుపులో బండి తోక లోయ వైపు తిరుగుతుంది.

రిమ్ములు విప్పాక టైరు కూర్చునే అంచును ఇనుప బ్రష్షుతో బాగా రుద్దించాలి. చెరువుల దగ్గర ఉప్పునీళ్ళు, ఉప్పుగాలి తగిలిన అల్లాయ్ అంచుల మీద తెల్లటి పొడి కడుతుంది. దాని మీద టైరు కూర్చోబెడితే ఇక్కడ తెలియదు, చలికి రబ్బరు బిగుసుకున్నాక అక్కణ్ణించి సన్నగా గాలి పోతుంది. వాల్వులు కొత్తవి. లోపలి పిన్ను కొత్తది, పైన రబ్బరు వాషరున్న మూత.

గాలి కొట్టే ముందు కంప్రెసరు ట్యాంకు అడుగు కాక్ తిప్పి నీళ్ళు వదలమనాలి. మన గాలిలో తేమ ఎంతంటే, వదిలేసరికి గ్లాసుడు నీళ్ళు వచ్చే ట్యాంకులున్నాయి. ఆ నీటిచుక్క వాల్వు పిన్నులో చేరితే, సున్నా దిగువన గాలి చూసుకున్నప్పుడు పిన్ను గడ్డకట్టి తెరుచుకునే ఉండిపోతుంది. నైట్రోజన్ పట్టించడంలో అసలు లాభం అది పొడిగా ఉండటమే. చలికి ఒత్తిడి తగ్గడంలో దానికీ మామూలు గాలికీ తేడా లేదు.

ఆరు నట్లు ఎదురెదురుగా బిగించి, చివర మాన్యువల్‌లోని టార్కుకు రెంచితో సరిచూసి, వంద కిలోమీటర్లలోపు మరోసారి. ఎయిర్ గన్నుతో అదేపనిగా బిగిస్తే కొండ మీద చలిలో జాకీ హ్యాండిలుతో విప్పలేరు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు.

డిసెంబరు: డెల్టాలో నడక

కొత్త టైరు మీద అచ్చు నుంచి ఊడటానికి పూసిన నున్నటి పొర ఉంటుంది. అది పోవడానికి మూడు నాలుగు వందల కిలోమీటర్లు తారు మీద నడవాలి. బయల్దేరే వారం టైర్లు మార్చేవాళ్ళు ఈ పొరతోనే మంచెక్కుతారు. నవంబరులోనే ఎక్కించింది అందుకే.

హైవే మీద 80 దాటితే సన్నటి హోరు, మైలేజీలో కొంత కోత. ఇవి ఏటీతో వచ్చేవే. గట్ల మీద హెచ్‌టీ కన్నా చాలా మెరుగు, పక్కా రేగడి ముద్దలో ఎంటీ అంత కాదు.

బ్రేకు దూరాల లెక్క కూడా ఇప్పుడే వేసి డ్యాష్‌బోర్డు మీద అంటించాం. వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి వర్గం చేసి, పట్టు గుణకాన్ని 19.6తో గుణించి, దాంతో భాగించాలి. పొడి తారు పట్టు 0.8, నొక్కుడు మంచు 0.25, ఐసు 0.1 అనుకుంటే, 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టాక ఆగడానికి పొడి తారు మీద 8 మీటర్లు, మంచు మీద 25, ఐసు మీద 63. కాలు బ్రేకు మీదకు వెళ్ళే సమయం ఇందులో లేదు. 20 వేగంలో అయితే మంచు మీద 6 మీటర్ల చిల్లర, ఐసు మీద దాదాపు 16. ఇవన్నీ చదును రోడ్డు మీద.

ఇక వాలు. డెల్టాలో పెరిగిన డ్రైవరుకి ఈ సంగతి ఒంటికి తెలియదు. ఇక్కడ వాలంటే ఏటిగట్టు ర్యాంపు, కాలవ వంతెన, అంతే. నూటికి పది వాలున్న కొండ దారిలో దిగుతుంటే పట్టులోంచి 0.1 బరువును నిలబెట్టడానికే పోతుంది. మంచు మీద 0.25లో మిగిలేది 0.15. అప్పుడు 20 వేగంలో ఆగడానికి పదిన్నర మీటర్లు, 40లో 42. ఐసు మీద 0.1లో 0.1 పోతే మిగిలేది సున్నా, బండి ఆగదు. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుందా రెండింటికా అన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఫోర్‌బైఫోర్ బండిని కదిలిస్తుంది, ఎక్కిస్తుంది. ఆపడానికి అన్ని బండ్లకూ ముందునుంచే నాలుగు బ్రేకులున్నాయి, పట్టు మాత్రం టైరుదే. ఎక్కడం సులువయ్యేసరికి దిగేటప్పుడు వేగం మీద అదుపు సడలడం ఫోర్‌బైఫోర్ నడిపేవాళ్ళలో తరచూ కనబడే ప్రమాదం.

జనవరి మొదట్లో: చైన్లు

ఐసు మీద పై లెక్కను మార్చగలిగేది ఇనుమే. ఏటీ ఎంత మంచిదైనా చైన్లు డిక్కీలో ఉండాలి. మంచు పడే రోజుల్లో మనాలి పైన ఉన్న సోలంగ్ దాటి వెళ్ళడానికి ఫోర్‌బైఫోర్లనో, చైన్లున్న బండ్లనో మాత్రమే పోలీసులు వదులుతుంటారు.

కొనేటప్పుడు పెట్టె మీద 265/65 ఆర్17 అని ఉండాలి. ‘అన్ని ఎస్‌యూవీలకూ సరిపోతుంది’ అన్నవి వద్దు. ప్లాస్టిక్ పట్టీలు అత్యవసరానికి తప్ప పనికిరావు, తెగుతాయి. నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండే చైను లాగడానికి బాగుంటుంది, పక్కకు జారడాన్ని అంతగా ఆపదు. డైమండు అల్లిక ఉన్నది రెండువైపులా పట్టిస్తుంది, అదే తీసుకున్నాం. రెండు జతలు. ఒకే జత అయితే మాన్యువల్ ఏ చక్రాలకు చెబితే వాటికే వేయాలి, ఏదైనా లోటే. వెనకే వేస్తే దిగేటప్పుడు ముందు చక్రాలు స్టీరింగ్ మాట వినవు. ముందే వేస్తే మలుపులో తోక తిరుగుతుంది.

వేయడం ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. కొబ్బరి తోటలో మెత్తటి నేల మీద, చేతులకు రబ్బరు గ్లవుజులతో, చీకట్లో తలకు లైటు కట్టుకుని. చైనును నేల మీద పరిచి మెలికలు తీయాలి. కొక్కేల కొనలు బయటి వైపుకు ఉండాలి, లోపలికి ఉంటే సైడ్‌వాల్ కోస్తాయి. లోపలి కేబులును చక్రం వెనకనుంచి పైకి తెచ్చి కొక్కెం కలపాలి, దాన్ని వెనక్కి నెట్టేయాలి, అల్లికను గుండీల మీద సర్దాలి, బయటి కొక్కెం కలిపి బిగింపు గొలుసు లాగాలి, మిగిలిన తోకను రబ్బరు పట్టీకి కట్టేయాలి. తర్వాత స్టీరింగ్ ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పి, బ్రేకు పైపు, ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తీగ, సస్పెన్షన్ చేతులకు ఎక్కడా తగలడం లేదని బండి కింద పడుకుని చూడాలి. వేలు దూరేంత జాగా కూడా లేకపోతే ఆ చక్రానికి ఆ చైను వద్దు. ఇక్కడ వంద మీటర్లు నడిపి మళ్ళీ బిగిస్తే ఎంత వదులయ్యిందో తెలుస్తుంది. సిమెంటు రోడ్డు మీదకు మాత్రం తీసుకెళ్ళొద్దు.

అదే వారంలో టైరు కాని పనులు. రేడియేటరులో ఎండాకాలం ఉత్త నీళ్ళు పోసి ఉంటే మొత్తం దింపేసి కూలెంటు సగం, నీళ్ళు సగం. ఉత్త నీళ్ళు గడ్డకడితే ఇంజను బ్లాకే పగులుతుంది. అద్దాల నీళ్ళ డబ్బాలో గడ్డకట్టని ద్రవం. యూరియా ద్రవం వాడే కొత్త డీజిళ్ళకు అది మైనస్ 11 దగ్గర గడ్డకడుతుందని గుర్తుంచుకోవాలి.

జనవరి మూడో వారం: గాలి లెక్క

బయల్దేరే ముందు ఆగి చల్లారిన టైరులో 32 పీఎస్‌ఐ, మధ్యాహ్నం 30 డిగ్రీల దగ్గర. సిస్సులో మైనస్ 10 అయితే ఎంత చూపిస్తుంది? చలికి బాగా తగ్గుతుందని ముందే నాలుగైదు పాయింట్లు ఎక్కువ కొట్టించుకునేవాళ్ళున్నారు. అక్కర్లేదు. గేజి చూపేది బయటి గాలి ఒత్తిడికి పైన ఉన్నది. మన సముద్రమట్టంలో బయట 14.7, లోపల మొత్తం 46.7. చలికి లోపలిది 40.5కి దిగుతుంది. సముద్రమట్టంలోనే ఆ చలి ఉంటే గేజి 26 దగ్గర చూపించేది. సిస్సు ఎత్తు సుమారు 3,100 మీటర్లు, అక్కడ బయటి ఒత్తిడి 10 మాత్రమే. గేజి 30.5 చూపిస్తుంది. చలి తీసేసినదాంట్లో ఎక్కువ భాగం ఎత్తు తిరిగి ఇచ్చేస్తుంది. పైన 32కి సరిచేసుకుంటే కిందికొచ్చాక 34కి లోపే. గేజి మనదే పట్టుకెళ్ళి, పొద్దున్నే బండి కదలకముందు చూసుకుంటే చాలు.

జనవరి చివర: మంచు మీద

అటల్ టన్నెల్ పొడవు 9.02 కిలోమీటర్లు, 2020 అక్టోబరు 3న తెరిచారు. ఈ దారిలో టైరు ఎంపిక విలువ తెలిసేది ఇక్కడే. టన్నెల్ లోపల వట్టి రోడ్డు, బయట మంచు. చైన్లు వేసుకుని 9 కిలోమీటర్లు వట్టి రోడ్డు మీద పోతే చైనూ పాడు, రోడ్డూ పాడు. రెండువైపులా దిగి విప్పి వేయడం ఒక పెద్ద పని. కొండ బొమ్మ ఉన్న ఏటీ ఈ అతుకుల దారిని చైను లేకుండా దాటిస్తుంది. నిలువు వాలూ ఐసూ కలిసిన చోటికే చైను మిగులుతుంది.

ముందు చేసేది బ్రేకు పరీక్ష. ఖాళీ చదును చోట, వెనక ఎవరూ లేకుండా చూసుకుని, 20 వేగంలో గట్టిగా బ్రేకు తొక్కాలి. పాదం కింద ఏబీఎస్ గరగర ఎంతసేపుందో అదే ఆ పూట రోడ్డు ఎలా ఉందో చెబుతుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు పూటలా వేరు. మైనస్ 10 దగ్గర గట్టి ఐసు కాస్త గరుకు. సున్నా దగ్గర పైన తడి పొర ఉన్న ఐసు అన్నిటికన్నా జారుడు. మధ్యాహ్నం ఎండకు కరిగిన నీళ్ళు నాలుగింటికల్లా కొండ నీడలో మళ్ళీ గడ్డకట్టి నల్ల తారులాగే కనబడతాయి. టన్నెల్ నోటి దగ్గరా ఇదే. టైర్లకు, మడ్‌ఫ్లాప్‌లకు అంటిన మంచు కారిన చోట తడి, బయటి చలికి ఐసు.

గట్ల అలవాటు ఒకటి ఇక్కడ మానాలి. బురదలో ఇరుక్కుంటే యాక్సిలరేటరు తొక్కి గాడి విదిల్చుకుంటాం. మంచులో చక్రం గిర్రున తిరిగితే కింద మంచు కరిగి మెరుగెక్కుతుంది, చక్రం తన గోతిలోనే ఐసు చేసుకుంటుంది. రెండో గేరులో మెల్లగా కదలాలి. కదలకపోతే వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళాలి, ఇంకా కదలకపోతే పార తీయాలి. లోతైన మెత్తటి మంచులో ఇరుక్కున్నప్పుడు మాత్రం గాలి 20 దాకా దింపితే పని చేస్తుంది, రోడ్డు మీదకు రాగానే నింపాలి. ఐసుకు గాలి దింపి లాభం లేదు.

చైను వేసిన వంద మీటర్లకు ఆపి బిగించాలి, ఇది తప్పదు. వేగం 30 దాటకూడదు. చైను కొట్టుకుంటున్న చప్పుడు వస్తే ఆ క్షణమే ఆపాలి. తెగిన కొస ఒక్క చుట్టులో బ్రేకు పైపు కోసేస్తుంది.

రాత్రి ఆపేటప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగొద్దు, తడి లైనింగు పట్టుకుపోతుంది. గేరులో వేసి చక్రాలకు రాళ్ళు. పొద్దున చక్రాల గూళ్ళలో గడ్డకట్టిన మంచును కర్రతో రాల్చాలి, లేకపోతే స్టీరింగ్ సగమే తిరుగుతుంది, బ్యాలెన్సింగ్ పోయినట్టు బండి వణుకుతుంది.

ఫిబ్రవరి: తిరిగొచ్చాక

చైన్లను మంచినీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, పాత ఇంజనాయిలు గుడ్డతో తుడిచి, గోనెసంచిలో కాకుండా మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. గోనె తేమ పీలుస్తుంది, నర్సాపురం వైపు ఉప్పుగాలికి వచ్చే వర్షాకాలానికే లింకులు పట్టేస్తాయి. డబ్బాలో పెట్టే ముందు ఒక్కో లింకూ చూసి, సగానికి అరిగినవి ఉంటే చైను మార్చాలి.

టైర్లకు గాడి కొలతలు మళ్ళీ మూడు చోట్లా రాసి, వెనకవి నేరుగా ముందుకి, ముందువి అడ్డంగా వెనక్కి మార్చాం, స్టెప్నీని కూడా వరుసలో కలిపి. ఇకమీద ప్రతి 8,000 కిలోమీటర్లకూ ఇదే. గాలి తలుపు స్టిక్కరు అంకెకు. గుండీల మధ్య ఇరుక్కున్న కొండ కంకరను స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటీ తీయాలి, సన్న కోతల్లో దిగినవి ముఖ్యంగా. అవి ఏప్రిల్ వేడికి లోపలికి దిగి పొరను పొడుస్తాయి. వచ్చే అక్టోబరులో కొలిచినప్పుడు సైపులు ఇంకా అడుగుదాకా కనబడితే, గాడి 5 మి.మీ. పైన ఉంటే, ఇవే టైర్లు మళ్ళీ కొండెక్కుతాయి. లేకపోతే గట్లకే ఉంచేసి కొత్త సెట్టు చూడాలి.